డేటా కంట్రోలర్‌తో మోర్స్: పిచ్ కుదరనిదే పెట్టె చదవదు

డేటా కంట్రోలర్ అంటే హామ్ రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని, మోర్స్ చుక్కలు గీతలను అక్షరాలుగా, అక్షరాలను చుక్కలు గీతలుగా మార్చే పెట్టె. దాన్ని కలిపాక తెర మీద ఇ, టి, ఐ అక్షరాలు తప్ప ఇంకేమీ పడటం లేదంటే డేటా కంట్రోలర్ చెడిపోయిందని పక్కన పెట్టేయకండి. మోర్స్‌లో ఇ అంటే ఒక్క చుక్క, టి అంటే ఒక్క గీత, ఐ అంటే రెండు చుక్కలు. పెట్టె తన దగ్గరకు వచ్చిన ప్రతి చిటపటనూ చుక్కగానో గీతగానో లెక్కగట్టి అచ్చు వేస్తోందన్నమాట. తన పని అది సరిగ్గానే చేస్తోంది. అందుతున్నదే సిగ్నల్ కాదు, హోరు. ఆ హోరులోంచి సిగ్నల్‌ను విడదీసి ఇవ్వడం రిగ్ (పంపే, వినే రేడియో సెట్) దగ్గర కూర్చున్న మనిషి పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పని గురించే.

ఏఈఏ కంపెనీ పికె-232, కాంట్రానిక్స్ వారి కామ్, ఎంఎఫ్‌జె-1278 లాంటి పెట్టెలు ప్యాకెట్ రేడియో (డేటాను పొట్లాలుగా విడగొట్టి రేడియో మీద పంపే పద్ధతి) రోజుల్లో వచ్చినవి. ప్యాకెట్‌తో పాటు ఆర్‌టీటీవై (రేడియో టెలిటైపు), మోర్స్ కూడా వాటిలో ఉంటాయి. ప్యాకెట్ వాడకం తగ్గాక చాలా ఇళ్లలో ఇవి అటక ఎక్కాయి. మోర్స్‌కు మాత్రం ఇవి ఇప్పటికీ పనికొస్తాయి, దానికి గట్టి కారణం ఉంది. కంప్యూటర్ నేరుగా కీయింగ్ చేస్తే, అంటే చుక్కలకూ గీతలకూ తగ్గట్టు రిగ్‌ను తనే ఆన్, ఆఫ్ చేస్తే, అది వేరే పనిలో పడిన క్షణంలో చుక్క నిడివి అటూఇటూ అవుతుంది. కంట్రోలర్‌కు తన సొంత గడియారం ఉంటుంది. కంప్యూటర్ అక్షరాలు అందిస్తే చాలు, చుక్క ఎంతసేపు ఉండాలో పెట్టె చూసుకుంటుంది. చేతితో కొట్టినా ఇంత సమంగా రాదు.

కమాండ్లు పికె-232వి తీసుకున్నాం. వేరే పెట్టె ఉంటే పేర్లు మారతాయి, పద్ధతి మారదు. పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాలే.

తీగలు కలపడం

కరెంటు సంగతి చిన్నదే. పికె-232కు 13 వోల్టుల డీసీ కావాలి, సుమారు ఒక ఆంపియర్ లాగుతుంది. రిగ్‌కు వాడే 13.8 వోల్టుల సప్లై సరిపోతుంది. ప్లగ్ మధ్య పిన్ ప్లస్సో మైనస్సో పెట్టె వెనక రాసిన గుర్తు చూసి, మల్టీమీటర్‌తో సరిచూసి, అప్పుడే గుచ్చండి. పాత పెట్టె కొంటే ముందు మూత విప్పి చూడండి. మెమరీ నిలవడానికి పెట్టిన బ్యాటరీలు ఏళ్ల తరబడి వదిలేస్తే కారి, పక్కనున్న రాగి గీతలను తినేస్తాయి. పచ్చటి పొడి కనిపిస్తే బ్యాటరీలు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గీతలు తెగలేదని కంటిన్యూటీ చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి.

సీరియల్ తీగ దగ్గర చాలామంది ఆగిపోతారు. పెట్టె వైపు 25 పిన్నుల సాకెట్, కంప్యూటర్ వైపు 9 పిన్నులు. మూడు తీగలు చాలు: 9 పిన్నుల వైపు 2 నుంచి 25 పిన్నుల వైపు 3కి, 3 నుంచి 2కి, 5 నుంచి 7కి. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ తీగ కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లోనైనా, కోఠి గుజరాతీ గల్లీలోనైనా అడిగేటప్పుడు ఒక మాట స్పష్టంగా చెప్పండి: కావలసింది ఆర్‌ఎస్-232 మట్టం ఇచ్చే తీగ, 9 పిన్నుల ప్లగ్ ఉన్నది. ఆర్డుయినో పనులకు వాడే చిన్న టీటీఎల్ మాడ్యూల్ ఇస్తే అది ఇక్కడ పనిచేయదు. ఆర్‌ఎస్-232లో వోల్టేజి ప్లస్ వైపుకీ మైనస్ వైపుకీ ఊగుతుంది. టీటీఎల్‌లో సున్నా నుంచి 3.3 లేదా 5 వోల్టుల మధ్యే ఉంటుంది, అదీ తలకిందులుగా. పెట్టె నుంచి వచ్చే పెద్ద వోల్టేజికి ఆ మాడ్యూల్ కాలిపోవచ్చు కూడా.

తీగ మంచిదో కాదో తేల్చడానికి ఒక సులువు ఉంది. కంట్రోలర్‌కు తగిలించకుండా, 9 పిన్నుల ప్లగ్‌లో 2, 3 పిన్నులను చిన్న తీగ ముక్కతో కలిపి, పుట్టీ లాంటి టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి ఏదైనా టైపు చేయండి. టైపు చేసింది తెర మీద కనిపిస్తే తీగ, డ్రైవర్, పోర్టు నంబరు మూడూ సరైనవే. ఇక అనుమానం పెట్టె మీదే.

టెర్మినల్‌లో 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీ, 1 స్టాప్ బిట్ పెట్టండి. ఫ్లో కంట్రోల్ ఎక్సాన్-ఎక్సాఫ్ అయినా పెట్టండి, ఏదీ లేకుండా అయినా వదిలేయండి. మూడు తీగలే కలిపినప్పుడు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెడితే కంప్యూటర్ ఎప్పటికీ రాని అనుమతి కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది, ఒక్క అక్షరం కూడా బయటకు పోదు. కొత్తగా రీసెట్ అయిన పికె-232 స్టార్ గుర్తు కొట్టమని అడుగుతుంది. ఆ ఒక్క గుర్తుతో మీ బాడ్ రేటు కనిపెట్టి స్థిరపడుతుంది. అడగకుండా పిచ్చి గుర్తులు పడుతుంటే అది పాత యజమాని పెట్టిన రేటును గుర్తుపెట్టుకుని ఉంది. 1200, 4800, 9600 ఇలా మార్చి చూడండి.

రిగ్ నుంచి శబ్దం

స్పీకర్ జాక్ నుంచి తీసుకోవచ్చు, కానీ అది రెండో మార్గం. వాల్యూమ్ మీట తిప్పిన ప్రతిసారీ కంట్రోలర్‌కు వెళ్లే మట్టం మారిపోతుంది. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక వాల్యూమ్ తగ్గిస్తే పెట్టె చెవిటిదైపోతుంది. రిగ్ వెనక ఏసీసీ (అదనపు పరికరాలు కలిపే) సాకెట్‌లో స్థిరమైన మట్టంతో ఆడియో వస్తుంటే అదే వాడండి. షీల్డ్ ఉన్న తీగ, వీలైనంత పొట్టిగా. ఏసీసీ సాకెట్ లేకపోతే స్పీకర్ తీగనే రెండుగా చీల్చి, ఒకటి పెట్టెకు, ఇంకొకటి 100 ఓమ్‌ల పొటెన్షియోమీటర్ గుండా హెడ్‌ఫోన్‌కు ఇవ్వండి. రిగ్ వాల్యూమ్‌ను ఒక గుర్తు దగ్గర స్థిరంగా ఉంచి, చెవికి కావలసినంత అక్కడ తగ్గించుకోవచ్చు. మట్టం మరీ ఎక్కువైతే శబ్దం నెత్తి తెగి చదునవుతుంది. అప్పుడు హోరు, సిగ్నల్ రెండూ ఒకే ఎత్తులో కనిపించి పెట్టెకు తేడా తెలియదు.

కీయింగ్ తీగ

రిగ్ కీ జాక్‌లో ఏమీ పెట్టకుండా మల్టీమీటర్‌తో కొన వద్ద వోల్టేజి చూడండి. ఇప్పటి ట్రాన్సిస్టర్ రిగ్‌లలో కొన్ని వోల్టులు, ప్లస్ వైపు ఉంటుంది. పాత వాల్వ్ రిగ్‌లలో మైనస్ వైపు, పదుల వోల్టులు, ఒక్కోసారి వంద దాటి కూడా ఉండొచ్చు. అక్కడ చేయి పెట్టకండి. పికె-232 వెనక ప్లస్ కీయింగ్‌కు ఒకటి, మైనస్ కీయింగ్‌కు ఒకటి విడివిడిగా జాక్‌లు ఉన్నది ఇందుకే. తప్పు జాక్‌లో పెడితే రిగ్ అసలు పలకదు, లేదా కీ నొక్కి పట్టుకున్నట్టు ఆగకుండా పంపుతూనే ఉంటుంది.

రిగ్ మెనూలో కీయర్‌ను (ప్యాడిల్ అనే రెండు వైపుల మీట నొక్కితే చుక్కలు, గీతలు తనే తయారుచేసే భాగాన్ని) ఆపి, స్ట్రెయిట్ కీ అని పెట్టడం మరిచిపోకండి. మరిచిపోతే వచ్చే లక్షణం విచిత్రంగా ఉంటుంది. రిగ్ కొన తీగను ప్యాడిల్ చుక్కల వైపుగా లెక్కపెడుతుంది. కంట్రోలర్ ఒక గీత పంపితే, ఆ గీత పట్టేంతసేపూ రిగ్ తనంతట తాను చుక్కలు కురిపిస్తుంది. మోనో ప్లగ్ పెట్టినప్పుడు ఆగకుండా గీతలే పోతుంటే, ప్యాడిల్ రెండో వైపు తీగ ప్లగ్ శరీరానికి ఆని నేలకు కలిసిపోయిందని అర్థం. స్టీరియో ప్లగ్ వాడి, మధ్య వలయాన్ని ఖాళీగా వదిలేసి, కీయర్ ఆపితే రెండు సమస్యలూ పోతాయి.

హైదరాబాదులో చాలామంది దగ్గర ఉన్నది అష్హర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిటెక్స్ అనే రిగ్. దాని కీ తీగ ఆర్డుయినో పిన్‌కు పోతుంది, 5 వోల్టుల ప్లస్ కీయింగ్. కంట్రోలర్ ప్లస్ జాక్ దానికి సరిగ్గా సరిపోతుంది. కలిసొచ్చే సంగతి ఇంకొకటి ఉంది, పిచ్ దగ్గర చెప్తాం.

పిచ్: అసలు చిక్కు ఇక్కడే

పిచ్ అంటే రిగ్‌లో సిగ్నల్ వినిపించే స్వరం స్థాయి. మనిషి చెవి 500 హెర్ట్జ్ స్వరమైనా వింటుంది, 900 అయినా వింటుంది, మూడు స్వరాలు కలిసి మోగుతుంటే కావలసినదాన్ని పట్టుకుంటుంది. కంట్రోలర్‌కు ఆ తెలివి లేదు. పికె-232 మోర్స్ ఫిల్టర్ 800 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స్వరం అక్కడికి వస్తేనే అది వినగలదు. ఇప్పటి రిగ్‌లు చాలావరకు 600 లేదా 700 హెర్ట్జ్ పిచ్‌తో వస్తాయి. ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి.

రిగ్ పిచ్ 600, కంట్రోలర్ 800 అనుకుందాం. అవతలి స్టేషన్ 7.020 మెగాహెర్ట్జ్ మీద ఉంది. మీరు డయల్ సరిగ్గా 7.020 మీద పెడితే స్వరం 600 దగ్గర మోగుతుంది, పెట్టె చదవదు. పెట్టె చదివే దాకా డయల్ తిప్పుతారు. స్వరం 800కు వస్తుంది, అక్షరాలు చక్కగా పడతాయి. కానీ ఇప్పుడు మీ డయల్ 200 హెర్ట్జ్ పక్కకు జరిగింది. మీరు పంపేది కూడా 200 హెర్ట్జ్ పక్కన పోతుంది. అవతలివారు 250 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టుకుని ఉంటే, వారి మధ్య గీతకు అటు 125, ఇటు 125 మాత్రమే వినిపిస్తుంది. మీరు వారికి లేనట్టే. వారి మాట మీ తెర మీద స్పష్టంగా పడుతుంది, మీ జవాబు మాత్రం వారికి చేరదు. పవర్ చాలలేదనీ, యాంటెనా బాగాలేదనీ అనుకుంటూ వారాలు గడిపేసే చిక్కు ఇది. నిజానికి ఉన్నదల్లా 200 హెర్ట్జ్ తేడా.

పైగా మీ రిగ్‌లో 500 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంటే అది 600 చుట్టూ కూర్చుని 350 నుంచి 850 దాకా వదులుతుంది. 800 అంటే దాని అంచు. అక్కడ సిగ్నల్ కొంత కోసుకుపోతుంది.

దీన్ని సరిదిద్దడానికి అన్నిటికన్నా మంచిది రిగ్ మెనూలో సీడబ్ల్యూ (మోర్స్) పిచ్‌ను 800కు మార్చడం. ఆ ఒక్క మార్పుతో ఫిల్టర్, సైడ్‌టోన్ (పంపేటప్పుడు రిగ్ మనకు వినిపించే స్వరం), పంపే ఫ్రీక్వెన్సీ మూడూ ఒక వరసలోకి వస్తాయి. మార్చలేని రిగ్ అయితే, కంట్రోలర్‌లో మధ్య ఫ్రీక్వెన్సీ మార్చే వీలుందేమో చూడండి, కొన్ని పెట్టెల్లో ఉంటుంది. రెండూ కుదరకపోతే ఆర్‌ఐటీ, అంటే పంపే ఫ్రీక్వెన్సీని కదపకుండా వినేదాన్ని మాత్రమే జరిపే మీట. మామూలు సీడబ్ల్యూలో, అంటే పై సైడ్‌బ్యాండ్ వైపు వినే పద్ధతిలో, రిగ్ పిచ్ 700 అయితే ఆర్‌ఐటీ మైనస్ 100 పెట్టండి. డయల్ ఇంకా అవతలివారి మీదే ఉంటుంది, వినే స్వరం మాత్రం 800కు పెరుగుతుంది. సీడబ్ల్యూ రివర్స్‌లో అయితే ప్లస్ 100. సరైన వైపుకు తిప్పారో లేదో తెలుసుకోవడం తేలిక: స్వరం సన్నబడాలి, మొద్దుబారకూడదు.

మైక్రోబిటెక్స్ తొలి సాఫ్ట్‌వేర్‌లో సైడ్‌టోన్ 800 హెర్ట్జ్‌గానే ఉంటుంది. కలిసొచ్చే సంగతి అన్నది ఇదే. మార్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటే మెనూలో చూసి సరిచేసుకోండి.

800 ఎలా ఉంటుందో చెవికి తెలియకపోతే ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపే యాప్ ఏదైనా వేసుకోండి. రిగ్‌కు యాంటెనా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పోనీయకుండా మింగేసే రెసిస్టర్) తగిలించి, కీ నొక్కి, సైడ్‌టోన్‌ను ఫోన్‌కు వినిపించండి. శిఖరం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో కనిపిస్తుంది. పాత రిగ్‌లలో ఒక జాగ్రత్త: సైడ్‌టోన్ కోసం విడిగా ఆసిలేటర్ ఉండి, అసలు పిచ్‌తో దానికి సంబంధం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు రెండో రిసీవర్‌లో మీ సిగ్నల్ ఎక్కడ పడుతుందో చూసుకోవడమే దారి.

తెర మీద అక్షరాలు పడేలా చేయడం

కమాండ్ ప్రాంప్ట్ దగ్గర మోర్స్ అని కొడితే పెట్టె పాత పద్ధతి ఏమిటో, కొత్తది ఏమిటో చెప్పి వినడం మొదలుపెడుతుంది. ముందు ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద ఉండి థ్రెషోల్డ్ మీటను హోరుకు దీపం వెలగని చోటికి తెచ్చి ఆపండి. తర్వాత ఒక సిగ్నల్ మీదకు నెమ్మదిగా డయల్ తిప్పండి. దీపం చుక్కలతో, గీతలతో కలిసి వెలుగుతూ ఆరుతూ ఉండాలి. వెలుగు తాళం తప్పుతున్నా, ఆరకుండా ఉన్నా ఇంకా కుదరలేదని.

అక్షరాలు చెడిపోవడానికి పిచ్ తర్వాత పెద్ద కారణం ఏజీసీ, అంటే సిగ్నల్ బలాన్ని బట్టి రిసీవర్ శక్తిని తనే పెంచి తగ్గించే ఏర్పాటు. సిగ్నల్ ఆగిన మరుక్షణం వేగపు ఏజీసీ రిసీవర్ శక్తిని పైకి లాగుతుంది. చుక్కకూ గీతకూ మధ్య ఉన్న ఆ చిన్న సందులోకి హోరు పొంగుకొచ్చి నిండుతుంది. పెట్టె దాన్ని కూడా సిగ్నల్‌లో కలిపేస్తుంది. నిదానపు ఏజీసీ పెడితే సందులు శుభ్రంగా ఉంటాయి, కానీ ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడో ఉరిమినప్పుడు ఒక్క పెళపెళ వచ్చి రిసీవర్‌ను అణిచేస్తుంది, అది తేరుకునేలోపు రెండు మూడు అక్షరాలు పోతాయి. అందుకని ఏజీసీ పూర్తిగా ఆపి, ఆర్‌ఎఫ్ గెయిన్‌ను చేత్తో తగ్గించి, హోరు లీలగా మాత్రమే వినిపించే చోట ఉంచడం మేలు. మైక్రోబిటెక్స్ తొలి కూర్పుల్లో ఏజీసీయే లేదు కనుక ఈ గొడవ ఉండదు. అయితే సన్నటి సీడబ్ల్యూ ఫిల్టర్ కూడా అందులో లేదు, పక్క సిగ్నళ్లన్నీ కలిసి వస్తాయి. ఆడియో తీగ మధ్యలో 800 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి ఆడియో ఫిల్టర్ పెడితే చాలా తేడా కనిపిస్తుంది.

నగరపు హోరు వేరే. అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ మోటారు, ఇంటి ఇన్వర్టర్, చవక ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు 40 మీటర్ల బ్యాండును నింపేస్తాయి. మూలం కనిపెట్టడానికి రిగ్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, హోరు తగ్గిందేమో వినండి. తగ్గితే దోషి ఇంట్లోనే ఉంది, ఒక్కో ఎంసీబీ ఆన్ చేస్తూ పోతే దొరుకుతుంది.

పరీక్షకు మంచి సిగ్నల్ కావాలంటే ఎన్‌సీడీఎక్స్‌ఎఫ్ అనే హామ్ సంస్థ బీకన్లు (తమంతట తాము పంపుతూ ఉండే స్టేషన్లు) వినండి. 14.100 మెగాహెర్ట్జ్ మీద ప్రపంచమంతా ఉన్న 18 బీకన్లు వంతుల వారీగా 10 సెకన్ల చొప్పున పంపుతాయి. అంటే ప్రతి 3 నిమిషాలకు ఒక చుట్టు. ఇవే 18.110, 21.150, 24.930, 28.200 మీద కూడా ఉంటాయి. శ్రీలంక బీకన్ కాల్‌సైన్ (స్టేషన్ పేరు) 4ఎస్7బి, హాంకాంగ్‌ది వీఆర్2బి. ప్రతి బీకన్ తన కాల్‌సైన్‌ను నిమిషానికి 22 పదాల వేగంతో పంపి, తర్వాత ఒక్కో సెకను పొడవున్న నాలుగు గీతలు పంపుతుంది. మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, చివరిది 0.1 వాటు. అంతా యంత్రం పంపేదే కాబట్టి తప్పు పడితే అది మీ వైపుదే. తెర మీద కాల్‌సైన్ వచ్చి, వెనకాల కొన్ని టిలు పడితే మీ వరస కుదిరింది.

ఇక్కడే లాక్ కమాండ్ ఎందుకో కూడా అర్థమవుతుంది. కంట్రోలర్ వచ్చే చుక్కల నిడివిని కొలుస్తూ వేగాన్ని తనే సర్దుకుంటుంది. చుక్క నిడివి మిల్లీసెకన్లలో కావాలంటే 1200ను వేగంతో భాగిస్తే వస్తుంది. 22 పదాల వేగానికి చుక్క దాదాపు 55, గీత దానికి మూడింతలు, అంటే సుమారు 165 మిల్లీసెకన్లు. దాని పక్కన బీకన్ పంపే ఒక్క సెకను గీత వస్తే పెట్టె లెక్క తప్పి, ఇది చాలా నిదానపు మోర్స్ అనుకుని, తర్వాతి కాల్‌సైన్‌ను పాడు చేయవచ్చు. వేగం కుదిరిన క్షణంలో లాక్ కొడితే ఆ లెక్క అక్కడే నిలిచిపోతుంది. హోరు ఎక్కువున్నప్పుడూ ఇది పనికొస్తుంది. కొత్త స్టేషన్ మీదకు వెళ్లేటప్పుడు మోర్స్ కమాండ్ మళ్లీ కొట్టి లాక్ వదిలించడం మరవకండి. 12 పదాల వేగంలో మాట్లాడేవారిని 22 దగ్గర బిగించిన పెట్టెతో వింటే అన్నీ ముక్కలుగానే పడతాయి.

చేతితో కొట్టిన మోర్స్ అయితే సందులు సమంగా ఉండవు, అక్షరాలు విరిగిపోవడమో అతుక్కోవడమో జరుగుతుంది. తెర మీది అర్థం లేని వరసలను మనసులో మళ్లీ కూర్చుకోవడం అలవాటు చేసుకోండి. సి అక్షరం మధ్యలో విరిగితే రెండు ఎన్‌లుగా, క్యూ విరిగితే ఎం, ఎగా పడుతుంది. ఎన్‌ఎన్‌ఎంఎ అని కనిపిస్తే అది సీక్యూ, అంటే ఎవరైనా ఉన్నారా అన్న పిలుపు. వీ విరిగితే ఎస్, టి. యూ విరిగితే ఐ, టి. 2 విరిగితే ఐ, ఓ. కాబట్టి ఎస్‌టీఐటీఐఓ అని పడితే ఎవరో వీయూ2తో మొదలయ్యే భారతీయ స్టేషన్ వారు కాస్త సాగదీసి కొడుతున్నారు. అతుక్కుంటే ఎ, ఎన్ కలిసి పి అవుతుంది. ఇలా సరిదిద్దుకోవాలంటే మోర్స్ తెలిసి ఉండాలి. తెలియకుండా పెట్టె మీదే ఆధారపడితే శుభ్రమైన సిగ్నళ్లకు తప్ప ఇది అక్కరకు రాదు.

పంపడం

మొదటిసారి ఎప్పుడూ డమ్మీ లోడ్ మీదే. ఎంస్పీడ్ కమాండ్‌తో వేగం పెట్టండి. మొదట్లో ఉండేది 20. కొత్తవారికి జవాబిచ్చేటప్పుడు వారి వేగానికే దిగాలి. పెట్టె 30లో పంపగలదు కదా అని 12లో పిలిచినవారికి 30లో జవాబిస్తే వారు భయపడి వెళ్లిపోతారు.

ఎక్స్ కొడితే ట్రాన్స్‌మిట్ లోకి వెళ్తుంది. తర్వాత టైపు చేసిందల్లా గాల్లోకి పోతుంది. చివర కంట్రోల్-డి పెడితే, రాసినదంతా పంపేశాక పెట్టె తనే వినడానికి తిరిగి వస్తుంది. మధ్యలో కమాండ్‌కు రావాలంటే కంట్రోల్-సి, అక్కడ ఆర్ కొడితే రిసీవ్. రెండు సెట్టింగులు ముందే పెట్టుకోండి. వర్డవుట్ ఆన్ చేస్తే మాట పూర్తై స్పేస్ కొట్టే వరకు పంపదు, అక్షరదోషం దిద్దుకోవడానికి వీలుంటుంది. ఇఏఎస్ ఆన్ చేస్తే టైపు చేసినప్పుడు కాకుండా నిజంగా పంపినప్పుడే అక్షరం తెర మీద కనిపిస్తుంది. ఇది లేకపోతే, మీరు టైపు చేసి ఊరుకుంటారు, పెట్టె ఇంకా సగంలోనే ఉంటుంది, మీరు అవతలివారి జవాబు రాలేదేమని చూస్తూ ఉంటారు.

టైపింగ్ నిదానమైతే అక్షరాల మధ్య పెద్ద సందులు పడి, వినేవారికి ఒక్కో అక్షరం విడి మాటలా అనిపిస్తుంది. అవతలివారు పంపుతున్నప్పుడే మీ జవాబు మనసులో కూర్చుకుని, వర్డవుట్‌తో మాటలు మాటలుగా పంపండి. ప్లస్ గుర్తు మోర్స్‌లో ఏఆర్ (సందేశం ముగిసింది), ఈక్వల్స్ గుర్తు బీటీ (విరామం), ఎడమ బ్రాకెట్ కేఎన్ (పిలిచినవారే జవాబివ్వాలి). వాటిని విడి అక్షరాలుగా కొట్టకండి, ఆ గుర్తులే వాడండి.

సీక్యూ పిలిచే ముందు క్యూఆర్‌ఎల్ (ఈ ఫ్రీక్వెన్సీ ఎవరైనా వాడుతున్నారా) అని ఒకటి రెండుసార్లు అడిగి, చెవితో వినండి. తెర ఖాళీగా ఉంది కదా అని ఫ్రీక్వెన్సీ ఖాళీ అనుకోకూడదు. పెట్టెకు అందని బలహీన సిగ్నల్ చెవికి అందుతుంది.

మొదటి చుక్క అందడం లేదని అవతలివారు చెబితే, రిగ్‌ను వినడం నుంచి పంపడానికి మార్చే రిలే తిరగడానికి సమయం చాలడం లేదు. రిగ్‌లో పూర్తి బ్రేక్-ఇన్ ఆపి సెమీ బ్రేక్-ఇన్ పెట్టి, ఆలస్యాన్ని పెంచండి. ప్రతి సందులోనూ రిలే తిరగకుండా మాట మొత్తానికీ పట్టి ఉంటుంది. అప్పటికీ మొదటి మాట తొలి చుక్క పోవచ్చు. దానికి పీటీటీ (రిగ్‌ను ట్రాన్స్‌మిట్‌లోకి తెచ్చే) తీగ కూడా కలిపి, కంట్రోలర్‌లో మోర్స్‌కు పీటీటీ ఆన్ చేయండి.

పంపడం మొదలుపెట్టగానే కంట్రోలర్ గడ్డకట్టడం, రిగ్ ట్రాన్స్‌మిట్‌లో ఇరుక్కుపోవడం జరిగితే ఆర్‌ఎఫ్ (మీరు పంపే రేడియో శక్తి) తీగల వెంట లోపలికి వస్తోంది. పవర్ 5 వాట్లకు తగ్గిస్తే పోయి, పెంచితే తిరిగి వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. కీ, ఆడియో, సీరియల్ తీగలను 31 రకం ఫెర్రైట్ వలయం మీద ఏడెనిమిది చుట్లు చుట్టండి. యాంటెనా ఫీడ్ దగ్గర ఒక చోక్ బాలన్ (తీగ పైపొర వెంట తిరిగి వచ్చే ఆర్‌ఎఫ్‌ను ఆపేది) పెట్టండి. ఎర్త్ రాడ్ పాతితే సరిపోతుందని చాలామంది చెప్తారు, కానీ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి చోట్ల రెండడుగులు దిగేసరికి గ్రానైట్ రాయి తగులుతుంది. మూడో నాలుగో అంతస్తు ఫ్లాట్ నుంచి నేలదాకా దించిన తీగ ఆర్‌ఎఫ్‌కు ఎర్త్ కాదు, అదే ఒక యాంటెనా. సమతూకంగా ఉండే డైపోల్, మంచి చోక్ అంతకన్నా నయం. 7.020కు డైపోల్ మొత్తం పొడవు సుమారు 20.4 మీటర్లు, ఒక్కో చేయి 10.2. కొంచెం ఎక్కువగానే కోసి తర్వాత కత్తిరించుకోండి.

పెట్టె దొరకనివారికి

ఎఫ్‌ఎల్‌డిజి లాంటి సాఫ్ట్‌వేర్, సౌండ్‌కార్డు ఉంటే వినే పని మొత్తం అయిపోతుంది, వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను గీతలుగా చూపే తెర) మీద సిగ్నల్‌ను నొక్కితే చాలు. కానీ ఆర్‌ఐటీ, పిచ్ గురించి చెప్పిన లెక్క అక్కడా అంతే వర్తిస్తుంది. ఎక్కడపడితే అక్కడ నొక్కి చదివి, అదే డయల్‌తో జవాబిస్తే మళ్లీ పక్కకే పోతారు.

కీయింగ్‌కు ఆర్‌ఎస్-232 తీగ డీటీఆర్ పిన్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా బీసీ547 బేస్‌కు, ఎమిటర్ నేలకు, కలెక్టర్ రిగ్ కీ కొనకు. బేస్-ఎమిటర్ మధ్య ఒక 1ఎన్4148 డయోడ్, దాని గీత ఉన్న వైపు బేస్‌కు. ఆ తీగ ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వోల్టేజిలో ఉంటుంది, డయోడ్ లేకపోతే ట్రాన్సిస్టర్ పాడవుతుంది. టీటీఎల్ మాడ్యూల్‌తో ఇదే సర్క్యూట్ కడితే తలకిందులవుతుంది: దాని డీటీఆర్ ఖాళీగా ఉన్నప్పుడే ఎత్తులో ఉంటుంది, కాబట్టి మీరేమీ పంపనప్పుడు రిగ్ పంపుతూ ఉంటుంది. అక్కడ పీసీ817 ఆప్టో (లోపలి దీపం వెలుగుతో పనిచేసే స్విచ్) వాడండి. మాడ్యూల్ 3.3 వోల్టుల పిన్ నుంచి 470 ఓమ్‌ల గుండా ఆప్టో దీపం ఆనోడ్‌కు, కాథోడ్ డీటీఆర్‌కు. రెండో వైపు కలెక్టర్ కీ కొనకు, ఎమిటర్ నేలకు. 5 వోల్టుల పిన్ నుంచి ఇవ్వకండి. డీటీఆర్ 3.3 దగ్గరే ఆగే మాడ్యూళ్లలో మిగిలిన 1.7 వోల్టులకే ఆప్టో సగం వెలిగి, కీ సగం నొక్కినట్టు ఉండిపోతుంది.

పరీక్ష కోసం

జనరల్ గ్రేడ్ లైసెన్స్ పరీక్షలో మోర్స్ నిమిషానికి 8 పదాలు, అంటే 40 అక్షరాలు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నారు. ఇంట్లో సాధనకు కంట్రోలర్ బాగా పనికొస్తుంది. పవర్ సున్నాకు తెచ్చి, డమ్మీ లోడ్ పెట్టి, సైడ్‌టోన్ వింటూ కాగితం మీద రాసుకోండి, తర్వాత తెరతో పోల్చుకోండి. అయితే ఎంస్పీడ్ 8 పెట్టి సాధన చేయకండి. అప్పుడు ఒక్క చుక్కే 150 మిల్లీసెకన్లు ఉంటుంది, మీరు చుక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటారు, అక్షరం శబ్దాన్ని పట్టుకోరు. 15 దగ్గర పెట్టి, అక్షరానికీ అక్షరానికీ మధ్య చేత్తో ఎడం ఇచ్చి టైపు చేయండి. లైసెన్స్ చేతికి వచ్చేదాకా యాంటెనా తగిలించి పంపే ప్రయత్నం వద్దు.

ఆపేటప్పుడు

ముందు రిగ్ ఆపండి, తర్వాత కంట్రోలర్, చివరన కంప్యూటర్. ఆన్ చేసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి. కంప్యూటర్ లేచేటప్పుడూ పడుకునేటప్పుడూ సీరియల్ తీగలు కాసేపు ఎటుపడితే అటు ఊగుతాయి. ఆ సమయంలో రిగ్ ఆన్‌లో ఉంటే ఎవరూ అడగకుండానే గాల్లోకి ఒక పొడవాటి గీత పోతుంది. వేసవి సాయంత్రాల్లో పడమట మబ్బు కమ్ముతుంటే యాంటెనా తీగ రిగ్ నుంచి పీకేయడంతో సరిపెట్టకండి, కంట్రోలర్ సీరియల్ తీగను కూడా కంప్యూటర్ నుంచి తీసేయండి. దగ్గర్లో పిడుగు పడితే యాంటెనా ఒక్కటే దారి కాదు. కరెంటు తీగ వెంట వచ్చిన దెబ్బ కూడా సీరియల్ చిప్‌ను కాల్చగలదు. ఆ చిప్ పోతే పెట్టెలో మిగతాదంతా బాగున్నా కంప్యూటర్‌తో మాట్లాడదు.